ఇనుప తాడు గురించి రాయించలేకపోయిన వ్యాసం

నేల పొరల్లో బొగ్గును దాచి మన దీపాలకు అందించిన దేవునికి స్తోత్రం. ఇనుమును కరిగించే వేడినీ, దాన్ని పెళుసుగా మార్చే మంచునూ పుట్టించినవాడు ఆయనే. ఖాళీ చేతులతో తిరిగొచ్చినా, ముందుగా ఆయనకే మహిమ.

పోయిన చలికాలం మంచుకొండల్లో ఒక సైనిక లారీ ఇరుక్కుపోయింది. దాన్ని లాగుతుండగా ఇనుప తాడు తెగి, దాని దెబ్బకు ఒక కుర్రాడు చనిపోయాడు. సైన్యంలో బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో నేను నాయక్ హోదాలో పనిచేశాను. రిటైరయ్యాక కొందరం కలిసి సికింద్రాబాదులో సైనిక మెకానిక్కుల కోసం చిన్న పత్రిక నడుపుతున్నాం. కానీ అందులో రాసేది అధికారులే. పనిముట్లు పట్టినవాళ్ళు కలం పట్టరు. ఆ కబురు విన్నాక మా సుబేదార్ రాజయ్య గారు గుర్తొచ్చారు. ముప్పై ఏళ్ళు ఆ తాళ్ళతోనే బతికిన మనిషి. ఇప్పుడు గోదావరిఖనిలో, బొగ్గు బావిలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆయన చేత ఒక వ్యాసం రాయిస్తే ఇంకో కుర్రాడైనా బతుకుతాడని బయలుదేరాను.

సికింద్రాబాదులో ఉదయం రైలెక్కాను. కాజీపేట దాకా నిలబడే ప్రయాణం. తరువాత సీటు దొరికింది. ఎదుటి సీట్లో ఒక గని కార్మికుడు సద్ది విప్పి, ఒక జొన్నరొట్టె నా చేతిలో పెట్టాడు. ఎందుకు వెళ్తున్నానో చెబితే నవ్వాడు.

"మా బాయిల గూడ గంతే అన్న. కాయితం మీద రాసేది ఎప్పుడో ఎర్కేనా? ఎవడన్న సచ్చినప్పుడు. తప్పెవనిదో తేల్చనీకి."

రామగుండంలో దిగేసరికి మధ్యాహ్నం. వేసవిలో వెళ్ళేవారు గొడుగు, నీళ్ళు మరిచిపోవద్దు. ప్లాట్‌ఫారం మీద కాలు నిలవదు. స్టేషన్ బయటే షేర్ ఆటోలు దొరుకుతాయి. కరెంటు కేంద్రం పొగగొట్టాలు దాటి అరగంటలో గోదావరిఖని చేరాను.

"ఏంది పాస్టరూ, గింత ఎండల దేవుడు తోలిండా నిన్ను?" అంటూ రాజయ్య గారు ఎదురొచ్చారు. నేను పాస్టర్‌ను కాను. బ్యారక్‌లో మోకరించి ప్రార్థించేవాణ్ణని ఆయన పెట్టిన పేరు అది.

భోజనం అయ్యాక వచ్చిన పని చెప్పాను. ఆయన ఉత్సాహంగానే మొదలుపెట్టారు. "తాడు బిగిసినంక సప్పుడు ఇనాలె. పైన గ్రీజు నిగనిగ మెరుస్తది, లోపట తీగెలు తుప్పువట్టి ఉంటయి. టక్కుమని ఒక తీగె తెగుతది. గది ఇన్నవంటే ఇంజను ఆపాలె, దూరం ఉరకాలె."

"ఇదే రాయండి సాబ్."

"నేను రాయ."

చాలాసేపు బతిమాలాక కారణం చెప్పారు. నేను వేరే చోటికి బదిలీ అయ్యాక బెల్లంపల్లి కుర్రాడు శీను ఆయన దగ్గర హెల్పరుగా ఉండేవాడు. అతనూ ఆ మంచుకొండల దారిలోనే, తెగిన తాడు దెబ్బకే పోయాడు. కొత్త తాడు కావాలని అంతకుముందే అడిగారు, అది రాలేదు. శవంతో ఊరికి వచ్చింది రాజయ్య గారే. "ఎట్ల పోయిండు నా కొడుకు?" అని తల్లి అడిగితే, శత్రువు కాల్పుల్లో అని చెప్పేశారు.

"కాయితాలల్ల ఉన్నది ఆమె తమ్మునికి ఎర్కే. ఆయన గూడ నోరు మెదపలె."

"పేరు లేకుండా రాయండి."

"గా దారిల గట్ల సచ్చిన మా దిక్కు పిలగాడు ఒక్కడే. ఫౌజుల మనోళ్ళు ఎంతమంది లేరు? ఎవడో ఒకడు సదువుతడు, ఆమెకు జెప్తడు." మళ్ళీ ఆయనే అన్నారు. "నువ్వే వొయ్యి నిజం జెప్పు. ఆమె సరే అంటె గీ రాత్రే రాస్త."

ఒప్పుకున్నాను. సత్యం గురించి సంఘంలో ఎన్నోసార్లు వాక్యం చెప్పినవాణ్ణి. బస్సు గోదావరి వంతెన దాటి మంచిర్యాల మీదుగా సాగుతుంటే ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. బెల్లంపల్లిలో దిగేసరికి సాయంత్రమైంది.

గల్లీ మొదట్లో తుపాకీ పట్టుకున్న శీను ఫ్లెక్సీ ఉంది. తల్లి లచ్చవ్వ కుర్చీ తుడిచి వేసి, చాయ్ పోసింది.

"ఎదకే తగిలిందట బిడ్డా గుండు. మా వోడు ఎనుకకు ఉరకలేదట. సుబేదార్ సారే జెప్పిండు."

"అవ్వా, ఒక మాట..." అన్నాను.

"జెప్పు బిడ్డా."

ఆ ముఖం చూసి, చాయ్ బాగుందన్నాను. ఆమె గ్లాసు అందుకుని, "నువ్వు పార్థన జేసేటోనివట గదా, సుబేదార్ సారు ఫోన్ల జెప్పిండు. ఏ దేవుడైతేంది, మా వోని కోసం ఒకటి జెయ్యి" అంది.

కళ్ళు మూసుకున్నాను. 'శత్రువుకు ఎదురు నిలిచి ప్రాణమిచ్చిన ఈ బిడ్డను జ్ఞాపకం చేసుకో తండ్రీ' అన్నాను. ఆమె కోసం, ఆమెకు వినబడేలా, దేవుని ముందు అబద్ధమాడాను.

స్టేషన్ నుంచి రాజయ్య గారికి ఫోన్ చేశాను.

"అడిగినవా?"

"లేదు సాబ్."

"చాయ్ వోసిందా?"

"పోసింది."

"గప్పుడు నాకు గూడ వోసింది." ఫోన్ పెట్టేశారు.

తిరుగు రైల్లో సీటు సులువుగానే దొరికింది. నిద్ర రాలేదు. ఆ తల్లీకొడుకుల పేర్లూ, సుబేదార్ గారి పేరూ, ఊళ్ళూ మార్చి మన సంఘ పత్రికకు ఇది రాస్తున్నాను. మన పత్రిక ఆ కొండలకు చేరదు. చేరదు కాబట్టే రాయగలుగుతున్నాను. చేరవలసిన ఆ మెకానిక్కుల పత్రికలో ఆ పేజీ ఖాళీగానే ఉంది. సుబేదార్ గారి వయసు డెబ్బై దాటింది. మళ్ళీ మంచు పడుతుంది, లారీలు ఇరుక్కుంటాయి, తాళ్ళు బిగుస్తాయి. ఆ మొదటి చప్పుడు విని, అదేమిటో తెలియక అక్కడే నిలబడే కుర్రాళ్ళ కోసం ప్రార్థిద్దామంటే నాకు నోరు రావడం లేదు. మీరు మొదలుపెట్టండి. మీ వెనుక నేనూ గొంతు కలుపుతాను.