ముందు సగం నాది

మా ఆయన ఆశీర్వాదం ఇంగ్లీషు మాస్టారు. సర్కారు బడిలో కాదు. హిందూపురంలో ఒక రేకుల షెడ్డు బాడుగకు తీసుకొని ట్యుటోరియల్ నడిపేవాడు. పదో తరగతి ఇంగ్లీషులో తప్పినవాళ్ళు, డిగ్రీ చదివినా నోరు పెగలనివాళ్ళు, ధర్మవరం పట్టుచీరల అంగళ్ళలో పనిచేసేవాళ్ళు, అందరూ ఆయన శిష్యులే. పొద్దున హిందూపురం, సాయంత్రం పెనుకొండ, ఆదివారం చర్చి ముగియగానే ధర్మవరం. కట్టుకున్న పెళ్ళాం కంటే ఆ ప్యాసింజరు రైలే ఆయన మొహం ఎక్కువ చూసింది. ఈ మాట అంటే "కోపమా పుష్పా?" అని నవ్వి ఊరుకునేవాడు.

ఆయన పాఠం చెప్పే తీరు వేరు. పుస్తకంలో లండన్ నుంచి ప్యారిస్‌కు అని ఉంటే ఆ పుస్తకం మూసేసేవాడు. "ది ట్రైన్ గోస్ ఫ్రమ్ హిందూపూర్..." అని సగం వాక్యం చెప్పి ఆగి, చేతిలోని చాక్‌పీసు క్లాసు వైపు చూపించేవాడు. "టు పెనుకొండ" అని క్లాసంతా అరవాలి. "ది కలర్ వేరీస్ ఫ్రమ్ సారీ..." అంటే "టు సారీ" అనాలి. "ది ప్రైస్ రేంజెస్ ఫ్రమ్ టెన్..." అంటే "టు హండ్రెడ్". "క్లీన్ ది వాల్ ఫ్రమ్ టాప్..." అంటే "టు బాటమ్". ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడం, ఇంత నుంచి అంత దాకా ఉండటం, ఒకదానికీ ఇంకోదానికీ తేడా రావడం, ఈ మూడూ చెప్పడం వస్తే చాలు, మీరు ఏ అంగడిలో అయినా బతుకుతారు అనేవాడు. ముందు సగం నాది, వెనక సగం మీది అనేవాడు.

మా ఇల్లు ఆ షెడ్డును ఆనుకునే ఉంది. అంగన్‌వాడీలో పిల్లలతో గొంతు చించుకొని ఇంటికొస్తే గోడ అవతల ఈ అరుపులు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ ఇంగ్లీషులో ఒక్క ముక్క నేర్చుకుంటే ఒట్టు.

రెండువేల మూడు ఎండాకాలంలో పెనుకొండ బస్టాండులో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. బెంగళూరు ఆసుపత్రిలో ప్రాణం అయితే దక్కించారు. ఇంటికి తెచ్చాక కుర్చీలో కూర్చోబెడితే కూర్చునేవాడు, తినిపిస్తే తినేవాడు. నీళ్ళు కావాలా అంటే ఒకసారి తల అడ్డంగా, అదే మాట మళ్ళీ అడిగితే నిలువుగా ఊపేవాడు. మాకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో నేను, ఆ కుర్చీ, పక్కన తాళం వేసిన షెడ్డు. ఇన్నేళ్ళు నేను తిట్టుకున్న ఆ అరుపులే మళ్ళీ కావాలనిపించి కుమిలి కుమిలి ఏడ్చాను.

ఒకరోజు స్వప్న వచ్చింది. ఆయన దగ్గర చదువుకొని పెనుకొండలో టీచరైన పిల్ల. ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడాలో తోచక, పాత అలవాటు కొద్దీ "సార్, ది ట్రైన్ గోస్ ఫ్రమ్ హిందూపూర్..." అంది.

"టు పెనుకొండ" అన్నాడు మా ఆయన.

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా వదిలేసి పరిగెత్తుకొచ్చాను. స్వప్న ఇంకో సగం చెప్పింది. దానికీ వెనక సగం వచ్చింది. ముద్దగానే, కానీ మాటే. మర్నాడు బెంగళూరుకు ఫోను చేసి డాక్టరుకు చెబితే, ఆయన అంత సంబరపడలేదు. ఎన్నో ఏళ్ళు నోట నానిన మాటలు అట్లా వాటంతట అవే వచ్చేస్తాయమ్మా, మనసు పెట్టి చెబుతున్నాడని అనుకోవద్దు అన్నాడు. నాకు ఆ డాక్టరు మీద మంట పుట్టింది. ఆయన అన్నది అబద్ధమని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోవడం ఇంకా మంట.

స్వప్నను పట్టుకున్నాను. "నాకు ఆ ముందు సగాలు నేర్పించు పాపా."

"ఈ వయసులో మీకెందుకమ్మా ఈ కష్టం?"

"ఆయప్పతో మాట్లాడాలంటే నాకు ఇంకో దారి యాడుండాది చెప్పు?"

ప్రతి ఆదివారం వచ్చి నేర్పించింది. ఆయన చాక్‌పీసులతోనే వంటింటి తలుపు నిండా తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. అన్నం కలుపుతూ ఒకటి, తల దువ్వుతూ ఒకటి అందించేదాన్ని, ఆయన అందుకునేవాడు. ఒక ఆదివారం ఉదయం నుంచీ మూలుగుతుంటే, నొప్పి ఎక్కడో తెలుసుకుందామని దానికి ఇంగ్లీషు మాట స్వప్నను అడిగి, "పెయిన్ ఫ్రమ్..." అన్నాను. "టాప్ టు బాటమ్" అన్నాడు. అయ్యో అని తల నుంచి పాదాల దాకా నూనె పెట్టి మర్దన చేశాను. తీరా చూస్తే ఎడమ కాలి వేలి గోరు లోపలికి పెరిగి చీము పట్టి ఉంది. ఆ రోజు నా ఆశ సగం చచ్చిపోయింది.

అప్పుడే చిలమత్తూరు నుంచి మా మరిది విజయ్ కుమార్ వచ్చాడు. మంచివాడే. వాళ్ళ అన్న అట్లా పలకడం విని నన్ను పక్కకు పిలిచాడు.

"వదినా, నా మీద కోపం చేసుకోవద్దు. ఇవి చిలక పలుకులు. అన్న కుర్చీలో ఉండాడు గానీ, మనిషి ఈడ లేడు. నువ్వు పనికి పోతే చూసేవాళ్ళెవరు? మా ఇంటికి తీసుకుపోతా. ఆడ పగలంతా ఎవరో ఒకరు ఉంటారు."

"నాలుగు రోజులు ఆగు విజయా. నేనే చెప్తా" అన్నాను.

లోపల మనిషి ఉంటే నేను చచ్చినా పంపను. లేడు అంటే ఏ ఇంట్లో కూర్చున్నా ఒకటే, పైగా నాకూ నడుం పడిపోతోంది. ఉన్నాడా, లేడా? ఆ నాలుగు రోజులూ తలుపు మీదున్నవన్నీ అడిగాను. అన్నిటికీ క్లాసులో పిల్లలు అరిచే జవాబులే వచ్చాయి. ఒక్కటి కూడా తప్పలేదు. సొంత మాట ఏదైనా వచ్చి ఒక్కటన్నా తప్పితే బాగుండు అని దేవుణ్ణి వేడుకున్నాను. నాలుగో రోజు పక్క వీధి బూతు నుంచి విజయ్ కుమార్‌కు ఫోను చేసి, బండి తీసుకొని రా అప్పా అని చెప్పేశాను.

విజయ్ కుమార్ ఆటో తెచ్చి వాకిట్లో పెట్టాడు. నేను ఆయనకు ఇస్త్రీ చొక్కా తొడుగుతున్నాను. పడిపోయిన చెయ్యి ఎక్కించాను. బాగున్న ఎడమ చెయ్యి మాత్రం బిర్ర బిగించి ఒళ్ళో పెట్టుకున్నాడు. లాగితే రాదు. చొక్కా చంకలో పర్రున చిరిగింది. నాకు రేగిపోయింది. "నన్ను చంపుకు తినడానికే పుట్టినావా నువ్వు!" అని అరిచాను. అరిచి, అంతలోనే ఆ మొహం చూసి ప్రాణం ఉసూరుమంది. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియక నోటికొచ్చిన ఇంగ్లీషు అనేశాను.

"పుష్పాస్ యాంగర్ రేంజెస్ ఫ్రమ్..."

అది తలుపు మీద లేదు. స్వప్న నేర్పలేదు. దాని వెనక సగం ఏమిటో నాకే తెలియదు.

ఆయన పలకలేదు. అంతవరకు ప్రతిదానికీ టక్కున అందుకున్న మనిషి, నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. వాకిట్లో ఆటోవాడు హారన్ కొట్టాడు. "పొద్దెక్కుతాండాది, పోదామా వదినా?" అని విజయ్ కుమార్ లోపలికి వచ్చాడు. నేను కదల్లేదు. మా ఆయన పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"గ్రీన్... చిల్లీ..." అన్నాడు. మూతి ఎడమ పక్క మెల్లగా పైకి లేచింది. "టు... రెడ్ చిల్లీ."

నేను నేల మీద కూలబడి బావురుమన్నాను.

"ఏమైంది వదినా? ఏమంటాండాడు అన్న?"

"ఎక్కిరిస్తాండాడప్పా. మీ అన్న నన్ను ఎక్కిరిస్తాండాడు. ఆ ఆటోను ఎనక్కి పంపీ."