సంచి విప్పని గేటు

నిఘంటువు ఆఫీసులో ఆవిడను అందరూ మాటలక్క అంటారు. ఏదైనా మాట దొరికితే దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీసేదాకా ఆవిడకు అన్నం సయించదు. ఆ వారం చేతికి చిక్కిన ఇంగ్లీషు మాట 'క్రాస్'. రోడ్డు దాటినా, తప్పు రాతను కొట్టేసినా, రెండు రకాల మొక్కలను కలిపినా, మనిషి చిరాకుపడినా అదే మాట. మూలం వెతుకుతూ పోతే లాటిన్‌లో నేరస్థులను వేలాడదీసే కొయ్య దగ్గర తేలింది.

భోజనాల దగ్గర ఆవిడ ఒక్కో అర్థం చదవడం, తక్కినవాళ్లు ఉదాహరణ చెప్పడం అక్కడి అలవాటు.

"దాటడానికి ఒకటి చెప్పండి."

"నది దాటాం," అన్నాడు అచ్చుకు అక్షరాలు కూర్చే కంపోజిటర్.

"అది మా తాత కాలంనాటిది బాబాయ్!" అంది మాటలక్క.

ఆఫీసు ఊడ్చే పిన్ని గిన్నెలు తీస్తూ అందుకుంది. "మేం గేటు దాటాలంటే సంచి విప్పాలి. మీరు దాటాలంటే నవ్వితే చాలు. రాస్కోమ్మా."

అందరూ ఘొల్లుమన్నారు. "అది ఉదాహరణ కాదు పిన్నీ, ఫిర్యాదు," అంటూ మాటలక్క ఆ మాట రాసుకున్న చీటీని అడ్డంగా కొట్టేసింది.

భోజనాలయ్యాక చూస్తే ఆఫీసుకు కొత్తగా కొన్న కత్తెర కనబడలేదు. మేనేజరు చూపు తిన్నగా పిన్ని మీదికి పోయింది.

"దానికి కాళ్లొచ్చాయేమో సార్. నేనైతే చూళ్లేదు."

"సాయంత్రంలోగా దొరక్కపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

మాటలక్క చెయ్యి సంచిలోకి పోయింది. చీటీల కట్ట పక్కన కత్తెర చల్లగా తగిలింది. ఇంట్లో చీటీలు కత్తిరించుకుందామని పట్టుకెళ్లి, తిరిగి తెచ్చి, బయట పెట్టడం మరిచింది. "ఇదిగో" అంటే సరిపోయేది. అందరి ముందూ తియ్యడానికి సిగ్గేసి సంచి మూసేసింది. రేపు పొద్దున్నే ఎవరూ చూడకుండా బల్ల మీద పెట్టేయొచ్చులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

సాయంత్రం గేటు దగ్గర కాపలాదారు పిన్ని సంచిని బల్ల మీద బోర్లించాడు. పాత చీర దులిపాడు. మాత్రల డబ్బా మూత తీశాడు. అన్నం డబ్బాలోకీ తొంగిచూశాడు. ఈలోగా రోడ్డు మీద బస్సు వెళ్లిపోయింది. వెనకే వస్తున్న మాటలక్కను చూసి, "మీరు పదండి మేడం," అని పక్కకు జరిగాడు.

ఒక కాలు బయట పెట్టిందావిడ. వెనక్కి వచ్చి తన సంచిని అదే బల్ల మీద దులిపింది. చీటీల మధ్య నుంచి కత్తెర జారిపడింది.

"అయ్యో, పొరపాటున వచ్చుంటుంది మేడం!" అన్నాడు కాపలాదారు. సోదా చూడ్డానికి వచ్చి నిలబడ్డ మేనేజరు కూడా నవ్వేశాడు. "అంత పనిలో ఎవరికి గుర్తుంటుందండీ!"

తిట్టినా బావుండేది. ఆవిడ ముఖం కందిపోయింది. "నాకు మధ్యాహ్నమే తెలుసు," అంది. ఎవరూ నవ్వలేదిక.

పిన్ని చీర మడత పెట్టుకుంటోంది.

"పిన్నీ..."

"అప్పుడే చెప్పుంటే నాకు బస్సు దొరికేదమ్మా," అని సంచి భుజాన వేసుకుంది.