మల్లేశు చెయ్యి పెడితే పాడే రేడియో

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాటెత్తితే ముందు నా వైపు చూస్తారు. నేనుంటే కథ సాగనివ్వనని వాళ్ల భయం. గాలి ఎటు వీచింది, దీపం ఎక్కడుంది, చెప్పేవాడు ఆ పూట ఏం తిన్నాడు అని ఆరా తీస్తాను. జీవితమంతా ఫిజిక్స్ పాఠాలు చెప్పి బతికినవాణ్ణి మరి. దయ్యాలను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా ఒక మధ్యాహ్నం సంగతి మాత్రం ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. నన్ను నేను అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగేశాను కనక ఇప్పుడు రాస్తున్నాను.

అరవైల చివర్లో ఎమ్మెస్సీ చదవడానికి తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చాను. హాస్టల్లో సీటు దొరక్క తార్నాకలో గది తీసుకున్నాను. అప్పటి తార్నాక అంటే అక్కడక్కడ ఇళ్లు, బోలెడు బండరాళ్లు, వాటి మధ్య సీతాఫలం పొదలు. గదిలో నాతోపాటు మల్లేశు ఉండేవాడు. నా క్లాస్‌మేటే. జనగామ దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. మొదట్లో వాడి మాట నాకూ, నా మాట వాడికీ సగమే అర్థమయ్యేవి. నేను 'అండీ' అన్నప్పుడల్లా వెనక్కి తిరిగి, ఎవరో పెద్దమనిషి వచ్చినట్టు గుమ్మం వైపు చూసేవాడు. నన్ను ఏడిపించడానికే.

మమ్మల్ని కలిపింది రేడియో. కొనుక్కునే స్తోమత ఇద్దరికీ లేదు, అందుకని తయారు చేద్దామనుకున్నాం. గురువారం వస్తే జుమ్మేరాత్ బజార్‌కి పోయి పాత సామాను కుప్పల్లో వెతికేవాళ్లం. అలా ఒక ట్రాన్సిస్టరు, పాడైన సెట్టులోంచి ఊడదీసిన కండెన్సరు, మిలిటరీవాళ్లు వదిలేసిన హెడ్‌ఫోను సంపాదించాం. తీగచుట్ట మేమే చుట్టుకున్నాం. అన్నిటినీ ఒక చెక్కపలక మీద బిగించి టార్చిలైటు బ్యాటరీలు తగిలించాం. హెడ్‌ఫోను ఒక్కరికే వినిపిస్తుంది కాబట్టి దాన్ని కంచు గిన్నెలో బోర్లించేవాళ్లం. అప్పుడు గిన్నె మోగి గదంతా వినపడేది. ఆ గిన్నె మల్లేశు వాళ్లమ్మ అన్నం తినమని ఇచ్చి పంపినది.

కానీ సెట్టుకొక జబ్బు ఉండేది. దాని మానాన దాన్ని వదిలేస్తే ఊరికే కీచుమనేది. తీగచుట్ట దగ్గరికి మల్లేశు చెయ్యి తెస్తే ఆ కీచు మెల్లగా దిగి స్టేషను శుభ్రంగా వచ్చేది. తీస్తే పోయేది. ఇందులో మాయ ఏమీ లేదు. మనిషి ఒళ్లు దగ్గరికొస్తే ఇలాంటి సెట్టుకి ట్యూనింగు మారుతుంది. నా చెయ్యి పెట్టినా మారేది గానీ ఆ చోటు నాకు చిక్కేది కాదు, దాటిపోయి ఇంకా గట్టిగా అరిచేది. వాడు చెయ్యి కుడివైపు నుంచి తెచ్చి, కొంచెం దూరంలో ఆపి, కాస్త వెనక్కి తీసి, మళ్లీ ముందుకు తెచ్చేవాడు. బెదిరే దూడని పట్టుకోవడానికి వెళ్తున్నట్టుండేది. కీచు కూడా అలాగే దిగి, ఆగి, ఒకసారి ఎక్కి, మళ్లీ దిగేది. ఆ వరస నాకు కంఠతా వచ్చేసింది.

పాట పూర్తయ్యేదాకా చెయ్యి అలాగే గాలిలో పెట్టుకుని కూర్చునేవాడు. మోచెయ్యి వణికేది. ఇక దించరా అంటే వినేవాడు కాదు.

"గీ పాట అయిపోనీరా" అనేవాడు.

జబ్బు ఎక్కడుందో తేల్చడానికి క్యాంపస్ రోడ్ల మీద చెట్ల కింద ఎన్ని సాయంత్రాలు వాదించుకుంటూ నడిచామో. తీగలు మార్చాం, అతుకులు ఊడదీసి మళ్లీ వేశాం. మా మాస్టారిని అడిగితే చిటికెలో చెప్పేవారు. ఎమ్మెస్సీ చదువుతూ ఇది కూడా తెలియదా అంటారని ఇద్దరికీ నామోషీ. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

వేసవి సెలవులకు ముందు మల్లేశు ఒక మాటన్నాడు. తన చేతులతో రేడియో చేస్తున్నానంటే వాళ్లమ్మ నమ్మలేదట.

"ఒక్కసారి అమ్మను ఈడికి తోల్కొస్త రా. ఆమె తన చెవులతోని వినాలె."

ఆ సెలవుల్లోనే వాడికి కామెర్లు వచ్చాయి. కాలేజీ తెరిచేనాటికి వాడు లేడు. గది తాళం నేనొక్కణ్ణే తీశాను. పలక మీద సెట్టు, పక్కన గిన్నె ఎక్కడివక్కడే ఉన్నాయి. చాలాసేపు ఏడ్చాను.

కొన్నాళ్లకు, వాడి సామాను కోసం వాళ్లమ్మ వస్తోందని కబురొచ్చింది. అప్పట్నుంచి నాకు ఒకటే పట్టుదల. వాడు అన్నమాట వాడు లేకపోయినా చెల్లాలి, ఆమె ఆ సెట్టు వినాలి. రోజూ క్లాసు నుంచి రాగానే దాని ముందు కూర్చునేవాణ్ణి. వాడు పెట్టినట్టే చెయ్యి పెట్టి చూశాను. కీచు తప్ప ఏమీ రాలేదు.

ఆమె మధ్యాహ్నం పూట వచ్చింది. వెంట వచ్చిన ఆమె తమ్ముడు రిక్షా కోసం రోడ్డు మీదికి వెళ్లాడు. ఆమె గుమ్మం పక్కన నేల మీదే కూర్చుని కొడుకు మంచం వైపు చూస్తూ ఉండిపోయింది. నేను సెట్టు పెట్టి నా చేతనైనంత ప్రయత్నం చేశాను. అది అరుస్తూనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇది మల్లేశు చెయ్యి పెడితేనే పాడేదమ్మా అని చెప్పాను. పాట అయ్యేదాకా వాడు ఎలా పట్టుకుని కూర్చునేవాడో కూడా చెప్పాను. ఆమె తలూపింది. మంచినీళ్లిద్దామని లేచి ఎదుటి గోడ దగ్గరున్న కూజా వైపు వెళ్లాను.

గ్లాసు నింపుతుండగా కీచు దిగడం మొదలైంది.

నేను కదలకుండా నిలబడిపోయాను. మెల్లగా దిగింది. ఆగింది. ఒకసారి ఎక్కింది. మళ్లీ దిగింది. తర్వాత గిన్నెలోంచి మనిషి గొంతు శుభ్రంగా వచ్చింది. వేరుశనగ పైరు మీద ఎర్ర గొంగళి పురుగు పడితే ఏం చేయాలో ఒకాయన రైతులకు చెబుతున్నాడు.

సెట్టు దగ్గర ఎవరూ లేరు. ఆమె గుమ్మం దగ్గర, నేను కూజా దగ్గర. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. చేనుగట్టు మీద కూర్చుని పక్క రైతు మాట వింటున్నట్టు ఒద్దికగా విన్నది. మధ్యలో "మా చేన్ల గూడ గదే పురుగు" అన్నది. ఆయన చెప్పడం ఇంకా అవ్వలేదు. ఆమె నా వైపు తిరిగింది.

"ఇగ బంద్ చెయ్యి బిడ్డా. ఎంతసేపని పట్టుకుంటడు? చెయ్యి గుంజుతది వానికి."

నేను వెళ్లి బ్యాటరీ తీగ తీసేశాను.

ఆమె పెట్టె తీసుకెళ్లింది, బట్టలు తీసుకెళ్లింది. గిన్నె మాత్రం నా దగ్గరే వదిలేసింది, అది లేకపోతే ఎలా వినబడుతుందని.

నేను దూరం జరగడం వల్ల ట్యూనింగు మారిందనుకుందామా? అలాగైతే ఒక్కసారి మారి ఊరుకోవాలి. నేను కదలకుండా నిలబడ్డాక అది దిగి, ఎక్కి, దిగింది. ఆ తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు సెట్టు పెట్టి, గుమ్మం దగ్గర ఎవరో ఒకర్ని కూర్చోబెట్టి, నేను కూజా దాకా నడిచి చూశాను. కీచే. ఏం జరిగిందో నాకు తెలియదు. నమ్మనని పైన రాసిన మాట వెనక్కి తీసుకోవడం లేదు, కానీ తెలియదు.

సెట్టు జబ్బేమిటో మాత్రం ఉద్యోగంలో చేరాక తెలిసింది. కండెన్సరుకి వెళ్లే రెండు తీగలు అటుది ఇటు, ఇటుది అటు తగిలించాం, అంతే. వాటిని మార్చడం నిమిషాల పని. పలక, గిన్నె ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. తీగలు మార్చలేదు. మారిస్తే ఆ సెట్టుకి ఇక ఎవరి చెయ్యీ అక్కర్లేదు.