అప్ప చాకుకి అంటించిన పేరు

నాకు అక్షరాలు వచ్చేటప్పటికి తల సగం నెరిసిపోయింది. మా కోడలు అంగన్‌వాడీలో పిల్లలకు చెప్పే పాఠాన్నే నేను గుమ్మంలో కూర్చుని, చింతపండు గింజలు తీస్తూ నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎక్కడైనా బోర్డు కనబడితే ఆగిపోతాను. కూడబలుక్కుని చివరి అక్షరం దాకా చదివితే గాని కదలను. పక్కవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.

చదువు ఎందుకొచ్చిందా అనిపించిన రోజు మాత్రం ఒకటుంది. అరకులో, బొంగు చికెన్ బళ్ళు వరసగా ఉండే రోడ్డు మీద, కాఫీపొడి, తేనె, వెదురు బొమ్మలు అమ్మే షాపు ఒకటి. అందులో గాజు బల్ల కింద ఒక మడత చాకు పెట్టారు. పక్కన అట్టముక్క మీద అచ్చు అక్షరాలు: ‘వేటగాడి చాకు. అడవి బిడ్డలు ఎలుగుబంట్లను చంపే ఆయుధం.’

నేనే తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. తప్పు కాదు. మొదట ఆ ‘బిడ్డలు’ దగ్గర కాలింది నాకు. మనవలున్నదాన్ని, ఎవరి బిడ్డని నేను? తరవాత చాకు వంక సరిగ్గా చూశాను. మొండి మొన, ఏగిస కర్ర పిడి, పిడి దాటి వెనక్కి పొడుచుకొచ్చిన ఇనప తోక. అది మా అప్ప చాకు.

మా వైపు అప్ప అంటే అక్క. నాకు ఒక్కతే. పెళ్ళీడు రాకముందు ఒక తెల్లవారుజామున ఇప్పపూలు ఏరుకుంటూ ఉంటే, అవే పూలకు వచ్చిన ఎలుగు ఆమె కుడిచెయ్యి నోట పట్టింది. బొటనవేలు మొదలంటా పోయింది. తరవాత ఆమెను చేసుకోవడానికి ఎవరూ రాలేదు. అలాగని ఆమె ఒక్కపూట కూర్చుని తిన్నదీ లేదు. అడ్డాకులు కోసింది, పిప్పళ్ళు కోసింది, కాఫీ తోటల్లో మిరియాల తీగలు కట్టింది. వీటన్నిటికీ బొడ్లో దోపుకునే మడత చాకు కావాలి. మామూలు మడత చాకు తెరవాలంటే బొటనవేలి గోరు ఉండాలి. ఎడమచెయ్యి కొమ్మ పట్టుకుని ఉంటుంది, కుడిచేతికి అదే లేదు. పళ్ళతో లాగి రెండుసార్లు పెదవి కోసుకుంది.

అప్పుడు మా కమ్మరి, ఇప్పుడున్న కమ్మరి తండ్రి, లారీ కమాను పట్టీ ముక్క తీసుకుని, అలుగు, అంటే కోసే రేకు, వెనక భాగాన్ని పిడి దాటించి తోకలా సాగగొట్టాడు. ఆ తోకను తొడకు ఆనించి నొక్కితే చాలు, అలుగు బయటికొచ్చేస్తుంది. బొడ్లో గుచ్చుకోకుండా మొన మొండి చేశాడు. అంతే ఆ చాకు కథ. ఎలుగు ఆమె వేలు తిన్నది. ఆమె ఎలుగు జోలికి పోలేదు.

పేరు సంగతి చెప్పాలి. చాకుకి కమ్మరి పేరు పెట్టడం మా దగ్గర లేదు. మొదట చేయించుకున్నవాళ్ళూ పెట్టరు. వాళ్ళు పని చెబుతారు, కమ్మరి చేస్తాడు. దాన్ని చూసి ముచ్చటపడి రెండో మనిషి వచ్చి, ‘నాకూ ఫలానావాళ్ళ దానిలాంటిది కొట్టు’ అంటాడు చూడండి, అప్పుడు పుడుతుంది పేరు. ఒక ఎడమచేతి మనిషి కోసం వంపు తిప్పి చేసినది ఎడం చాకు అయింది. చింతకాయలా వంగిన పిడి ఉన్నది చింతకాయ చాకు. అల్లుడి చాకు అని ఇంకోటుంది. దానికి రెండు అలుగులు. ఒకటి పనికి, ఒకటి చూపించుకోవడానికి. అది మొదట చేయించుకున్న అల్లుడు ఇప్పటికీ బతికే ఉన్నాడు, ఆ పేరు వింటే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు.

మా ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ మా అక్కను అప్ప అనే పిలిచేవారు. ఆ తోక చాకు చూసి చేతుల నొప్పులున్న ముసలివాళ్ళు, ఒక చేత్తో చెట్టు పట్టుకుని ఇంకో చేత్తో కోసేవాళ్ళు, ‘అప్ప చాకు కొట్టు’ అని అడిగారు. కొండ అవతలి ఊళ్ళవాళ్ళు, ఆమె మొహం ఎరగనివాళ్ళు కూడా ఆ పేరుతోనే అడిగారు.

అప్ప పోయి రెండు వానాకాలాలైంది. పిల్లల్లేరు. ఫొటో లేదు. రేషన్ మిషన్ మీద పెట్టమన్న వేలు ఆమెకు లేదని ఎన్నిసార్లు తిప్పారో నాకు తెలుసు. ఈ లోకంలో అలాంటి మనిషి ఒకతె ఉండేదని చెప్పేది ఆ చాకు పేరొక్కటే. దాన్ని చెరిపి, ఎవడో వేటగాడిని తెచ్చి కూర్చోబెట్టారు.

షాపు లోపలికి వెళ్ళాను. “షావుకారూ, దీనికి ఈ పేరెవులు పెట్టేరు?”

“నేనే మామ్మా. బాగుంది కదా?” అన్నాడు. కింద మైదానం నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. మాటలో తేనె ఎక్కువ.

“దీనికి పేరుంది. అప్ప చాకు.”

“ఉంటే మీ కమ్మరి సెప్పీవోడు కదా? అడిగేను. ‘పేరు నేను పెట్టను బాబూ’ అన్నాడు. పేరులేని సరుకు ఎలా అమ్మీది? పెట్టేను.”

ఇంతలో టోపీ పెట్టుకున్న ఒక టూరిస్టు ఆ చాకు తీసుకుని గోరుతో తెరవబోయి, రాక, “ఈ తోకేంటి?” అన్నాడు.

“ఎలుగ్గోరు డిజైను సార్,” అన్నాడు షావుకారు, తడుముకోకుండా.

నేను ఆ చాకు లాక్కుని తొడకు ఆనించి నొక్కాను. టక్కున తెరుచుకుంది. “డిజైనూ లేదు, గోరూ లేదు. బొటనవేలు లేని మనిషికి సేసింది ఇది,” అన్నాను. ఆ టూరిస్టు మొదట నా చేతివేళ్ళు లెక్కపెట్టాడు. అన్నీ ఉండేసరికి నమ్మకం కుదరక వెళ్ళిపోయాడు.

షావుకారుకి కోపమొచ్చింది. “బేరం సెడగొట్టకు మామ్మా. ఎలుగుబంటంటే వైజాగ్ నుంచొచ్చే కుర్ర గుంటలు ఫొటోలు తీసుకుని మరీ కొంటారు. మీ అప్ప ఎవులికి తెలుసు?”

“నాకు తెలుసు.”

“నీకు తెలిస్తే సాలదు. ఎక్కడైనా రాసుందేటి?”

చాకు గాజు బల్ల మీద పెట్టేశాను. భూమికి కాగితమేది, పుట్టిన తేదీకి కాగితమేది, చివరికి చాకుకీ కాగితమేది అంటారు. ఆయన పెట్టిన పేరుకి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. అట్టముక్క చాలు.

అక్కణ్ణించి తిన్నగా కమ్మరి కొలిమి దగ్గరికి వెళ్ళాను. కొడుకు వరసవాడు. అతని భార్య తిత్తి ఊదుతోంది.

“నీ నోట్లో నాలిక లేదేటిరా?”

“ఏటి పిన్నీ? బేగి సెప్పు, ఇనుం సల్లారిపోతంది.”

“ఆ షావుకారు పేరడిగితే సెప్పలేదేటి? వేటగాడి చాకని అట్ట రాసి పెట్టేడు.”

“‘దీనికి నువ్వేం పేరెట్టేవు’ అన్నాడు. నేనెట్టలేదన్నాను. మా అయ్యా ఎట్టలేదు. అబద్దమాడమంటావేటి?”

అతను నిజమే చెప్పాడు. మా పద్ధతిలో అడిగేవాడైతే, ‘మరి జనం ఏమంటారు’ అని ఇంకో మాట అడిగి ఉండేవాడు. షావుకారుకి ఆ ఇంకో మాట అక్కర్లేకపోయింది.

“సంత రోజు మళ్ళీ వత్తాడు,” అంది అతని భార్య. “రెండు డజన్లంట.”

“సేసిస్తావా?” అన్నాను కమ్మరితో.

“తినాల కదా పిన్నీ.” సమ్మెట కింద పెట్టాడు. “కానీ వేటగాడి చాకంటే నాకు తెలీదు. అది నన్నెవులూ అడగలేదు.”

సంత రోజు పొద్దున్నే వెళ్ళి, కొలిమి ఎదురుగా అడ్డాకుల మోపులు పెట్టుకున్న ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. షావుకారు బండి దిగి, “వేటగాడి చాకులు రెండు డజన్లు కావాలి,” అన్నాడు.

“అలాటివి లేవు బాబూ.”

“అదే, తోకది.”

“తోకవి రెండు రకాలు. సింతకాయ దానికీ సిన్న తోకుంటది.”

“మొన్న ఇచ్చేవు కదయ్యా!”

“మొన్న ఇచ్చింది అప్ప చాకు.”

ఆకుల మోపుల మధ్య నుంచి నవ్వు లేచింది. “అడుగు బాబూ, అప్ప చాకనడుగు. నోరు పోద్దేటి?” అంది ఒకతె. “సిన్నప్పుడు అప్పలు లేరేటి నీకు?” అంది ఇంకొకతె.

షావుకారు నన్ను చూశాడు. ఆయనకి అర్థమైంది. “సరే. అదే,” అన్నాడు.

“ఏది?” అన్నాడు కమ్మరి.

“అప్ప చాకులయ్యా. అప్ప చాకులు, రెండు డజన్లు!”

తిత్తి మళ్ళీ ఊదడం మొదలైంది. పద్ధతి నిలబడిందని అందరూ సంతోషపడ్డారు. నేను పడలేదు. అవసరం తీరడానికి అన్న మాట అది. కొండ దిగాక ఉంటుందా?

ఉండలేదు. పది రోజులాగి షాపుకి వెళ్ళాను. కొత్త చాకులు గాజు బల్ల కింద వరసగా ఉన్నాయి. పక్కన అదే అట్ట. అదే వేటగాడు.

నేను బల్ల మీదున్న పెన్ను తీసుకున్నాను. గాజు పక్కకు జరిపి, అట్ట బయటికి తీసి, ఉన్న అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టి, కింద రాశాను. ‘అప్ప చాకు. ఎలుగు బొటనవేలు తిన్న ఆడమనిషికి చేసింది.’ నా అక్షరాలు వంకర. చాలాసేపు పట్టింది.

“ఏటి సేత్తన్నావు మామ్మా?” అని అరిచాడు షావుకారు.

“రాసుందా అనడిగేవు కదా. రాత్తన్నాను.”

ఆ తరవాతి వారం వెళ్ళేసరికి కొత్త అట్ట పెట్టాడు, పాత మాటలతోనే. ఈసారి పెన్ను బల్ల మీద లేదు, దాచేశాడు. నేను ఇంటి నుంచే తెచ్చుకున్నాను.