నేను కుట్టిన విమానం రెక్క

కడుపు కోసి కుట్టడంలో నాకు మంచి పేరుంది. ఆ పేరు మీద నాకున్న నమ్మకం ఆ పేరు కంటే పెద్దది. 2010లో, ఇంగ్లండులోనే న్యూకాసిల్ నుంచి నాటింగ్‌హామ్‌కు మారిన కొత్తలో, ఆసుపత్రి క్యాంటీన్ గోడ మీద "పాత విమానం రెక్కలకు గుడ్డ కుట్టేవాళ్ళు కావాలి" అన్న కాగితం కనబడింది. నా కోసమే అంటించారనుకున్నాను.

"నా చొక్కాకు బొత్తాం ఊడి ఆర్నెల్లయింది, దుర్గా," అన్నారు మా ఆయన రామమోహనరావు.

"అది సర్జరీ కాదు కదండీ," అన్నాను.

ఊరి బయట చిన్న ఎయిర్‌ఫీల్డ్. రేకుల షెడ్డులో విమానం ఎముకల గూడులా నిలబడి ఉంది. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, అంతా చెక్కా తీగలూ. 1917లో పైలట్లకు విద్య నేర్పడానికి కట్టారట. యుద్ధం అయిపోయాక ఊరూరా సంతల్లో జనాన్ని ఎక్కించుకుని తిరిగింది. తర్వాత ఒక రైతు కొట్టంలో గడ్డి కింద డెబ్భై ఏళ్ళు పడి ఉంది.

కుట్టుపని చూసేది డోరీన్. వయసు డెబ్భై ఎనిమిది, లేసు ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళ అనుభవం. నేను సర్జన్‌నని రెండుసార్లు చెప్పి, మైనం రాసిన దారంతో మూడు గంటలు కూర్చుని జానెడు కుట్టాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, కత్తెరతో మొత్తం కత్తిరించేసింది.

"నీ పేషెంట్లు ఎగరక్కర్లేదు, డక్. ఇది ఎగరాలి," అంది.

ఈ ఊళ్ళో ప్రేమగా అందరినీ డక్ అంటారని నాకప్పుడు తెలియదు. కుట్లు విప్పింది చాలక బాతని తిట్టిందని ఇంటికొచ్చి మా ఆయనతో మొరపెట్టుకున్నాను.

ఎడమవైపు కింది రెక్క నాకిచ్చారు. ఆసుపత్రి డ్యూటీల రోటా చూసుకుని ఆదివారాలు వెళ్ళేదాన్ని. మూడేళ్ళు పట్టింది. డోరీన్ విప్పించిన కుట్లన్నీ కలిపితే ఇంకో రెక్క అయ్యేది.

2013 వేసవిలో విమానం మళ్ళీ ఎగిరింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకూ "ఆ రెక్క నాది" అని చెప్పేదాన్ని. "మమ్, నోబడీ ఆస్క్‌డ్," అనేది మా అమ్మాయి పూజిత.

పైలట్ నీల్ ఎక్కమన్నప్పుడల్లా మాత్రం ఆన్‌కాల్ డ్యూటీ ఉందని తప్పించుకునేదాన్ని. 2017 జులైలో డోరీన్ అందరి ముందూ అడిగేసింది, "నీ కుట్టు మీద నీకే నమ్మకం లేదా?" అని. ఎక్కక తప్పలేదు.

ముందు సీట్లో పది నిమిషాలు హాయిగానే గడిచాయి. అంతలో ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. గాలి హోరు ఒక్కటే మిగిలింది. ఇరవై రెండేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో "ఎవరూ కంగారు పడొద్దు" అంటూ వచ్చిన మనిషిని, "ఓరి నాయనోయ్, దింపరా నన్ను!" అని అరిచాను.

నీల్‌కు తెలుగు రాకపోయినా అదే చేశాడు. బఠాణీ చేలో దించాడు. చక్రాలు మెత్తటి మట్టిలో దిగబడి విమానం పల్టీ కొట్టింది. నేను బెల్టుకు తలకిందులుగా వేలాడుతున్నాను.

"బెల్టు తియ్యకు, నేను పట్టుకుంటాను," అని నీల్ అంటుండగానే తీసేసి నెత్తి మీద పడ్డాను.

నీల్ నన్ను గట్టు దాకా ఈడ్చుకెళ్ళాడు. వెనక్కి తిరిగేసరికి పెట్రోలు అంటుకుంది. ఫైరింజన్ రాకముందే అంతా అయిపోయింది. నీల్ ముంజేయి విరిగి వాచిపోతోంది. దాన్ని చూడాల్సిన డాక్టర్ని, కాలిపోతున్న రెక్క వైపు చూస్తూ వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

"నాక్కూడా కాస్త నొప్పిగానే ఉంది, డాక్టర్," అన్నాడు పాపం.

మా ఆసుపత్రిలోనే జూనియర్ డాక్టర్ సాత్విక నా నుదుటికి వంకరటింకరగా కుట్లు వేసింది. నోరు మూసుకుని పడుకున్నాను. ఆ రోజు నేను చేసిన మంచిపని అదొక్కటే.

మర్నాడు డోరీన్ ఇంటికి వెళ్ళాను. ఆవిడ టీకి కెటిల్ పెట్టింది.

"గాల్లో ఉండగా గుడ్డ ఎక్కడైనా చిరిగిందా?" అని అడిగింది.

"లేదు. నేల తాకేదాకా ఒక్క కుట్టు కూడా కదల్లేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను మళ్ళీ ఏడుపు మొదలుపెడితే, టీ చల్లారిపోతోందని కసిరింది.

ఇంజిన్ లోపల ఒక భాగం అరిగి విరిగిందని తర్వాత తేల్చారు. మరుసటి ఏడు షెడ్డు ఖాళీ చేసేశారు. ఇప్పుడు నా ఆదివారాలు ఇంట్లోనే గడుస్తున్నాయి. మా ఆయన కొత్తగా ఆదివారాలు గోల్ఫ్ నేర్చుకోవడానికి బయటికి వెళ్తున్నారు.