సీసాలో లేని నలుసు

నాచారంలో ఒక మందుల కంపెనీలో నాది సీసాలు చూసే పని. ఇంజెక్షన్ మందు నింపిన చిన్న గాజు సీసాలను లైటు ముందు పట్టుకుని, లోపల నలుసు కనపడితే పక్కన పెట్టాలి. నాకు చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి అద్దాలే, మైనస్ పదమూడు. దూరం ఆనదు కానీ, ముఖానికి దగ్గరగా పెట్టుకున్నది ఏదైనా అందరికంటే నాకే బాగా కనపడేది. ఆ పని అలా దొరికింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక మధ్యాహ్నం, నేను పక్కన పెట్టిన సీసాలతో ట్రే నిండిపోయింది. ప్రతి సీసాలోనూ నల్లటి వెంట్రుక ముక్కలాంటిది తేలుతోంది. మా లైను చూసుకునే అక్క వచ్చి వాటిని మళ్లీ లైటుకు పెట్టి చూసింది.

"గిండ్ల ఏమున్నదే? మంచిగనే ఉన్నయి గద."

"నల్లగ తిరుగుతున్నది, సూడక్కా."

ఆమె నా గదుమ పట్టుకుని తెల్లగోడ వైపు తిప్పింది. "గోడ మీద గూడ ఉన్నదా?"

ఉంది. ఎటు చూస్తే అటు వస్తోంది.

"గట్లయితే సీసాల లేదు, నీ కంట్ల ఉన్నది. రేపు డ్యూటీకి రాకు. దవాఖానకు పో."

ఉప్పల్‌లో కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి చాలాసేపు చూసింది. "మీ కన్ను మామూలు కంటికంటే పొడవుగా పెరిగింది. దాంతో వెనక ఉండే రెటీనా సాగి పల్చబడింది. కుడికంట్లో అంచున రంధ్రం పడింది. ఊడిపోకముందే లేజర్ చేద్దాం."

"అద్దాలు మారిస్తే తక్కువ కాదా మేడం?"

"అద్దాలు చూపును సరిచేస్తాయి. కంటి పొడవును తగ్గించలేవు. మెరుపులు కనపడినా, పక్కనుంచి తెర కమ్మినట్టు అనిపించినా వెంటనే రండి."

లేజర్‌తో ఆ రంధ్రం చుట్టూ గట్టిపడింది. కంట్లో తేలే ఆ నల్ల వెంట్రుక మాత్రం పోలేదు. కన్నుతో పాటు కదిలేది నాదని, సీసాతో పాటు కదిలేది మందులోదని పోల్చుకుంటూ మళ్లీ అదే పనిలో కూర్చున్నాను. ఇక అప్పటినుంచి కళ్లను కాపలా కాయడమే నాకు ఇంకో డ్యూటీ అయింది. పొద్దున లేవగానే ఒక్కో కన్ను మూసి చూసుకోవడం, సెలవు అడగడం, చుక్కలు వేయించుకుని ఆ రోజంతా మసకలో తిరగడం. నొప్పి ఉంటే ఎవరికైనా చెప్పుకోవచ్చు. నొప్పి లేదు. భయపడీ భయపడీ అలసిపోయాను.

ఉద్యమం బందులు నడుస్తున్న రోజుల్లో, ఒక పొద్దున ఎడమకంటికి తలుపు చట్రం మధ్యలో వంకరగా కనపడింది. కుడికంటితో చూస్తే తిన్నగానే ఉంది. చర్లపల్లి ఫ్యాక్టరీకి వెళ్లే మా ఆయనకు చెప్పాను. బస్సుల్లేవు. ఆయన ఎవరిదో బండి అడుక్కొచ్చాడు.

"కూసో. ఫికర్ జెయ్యకు, సందులకెళ్లి పోదాం."

ఈసారి రంధ్రం కాదు. సాగిన చోట, చూపు నడిమి భాగం కింద పొర చిట్లిందట. అక్కడ పుట్టిన కొత్త రక్తనాళాలు కారుతున్నాయట. కంట్లోకే ఇంజెక్షన్ చేశారు. మళ్లీ మళ్లీ చేశారు. కారడం ఆగింది కానీ మచ్చ మిగిలింది. ఎడమకంటితో చూస్తే మనిషి చెవులు, జుట్టు కనపడతాయి. ముక్కూ నోరూ ఉండాల్సిన చోట బూడిదరంగు.

కంపెనీ నన్ను అట్టపెట్టెలకు టేపు వేసే పనికి మార్చింది. చేతులు అలవాటుపడ్డాయి.

రాష్ట్రం వచ్చిన ఏడాది, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి మళ్లీ అద్దాల నంబరు పెరిగింది. అదే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను.

"నాకు గూడ అమ్మ లెక్కనే అయితదా?" అని తనే అడిగేసింది.

"అందరికీ అలా కాదమ్మా. ఇప్పటికైతే నీ రెటీనా బాగుంది. ఏటా వచ్చి చూపించుకో."

బాగుంది అన్న మాటకు సంతోషించాలి. ఏటా అన్న మాటే చెవిలో ఉండిపోయింది. బయటికొచ్చాక, చుక్కలు వేసిన కళ్లకు ఎండ పడక అమ్మాయి నా భుజానికి ముఖం ఆనించుకుంది. ఉప్పల్ రింగు రోడ్డులో వచ్చిన బస్సు బోర్డు ఇద్దరిలో ఎవరికీ ఆనలేదు. కండక్టరును అడిగి ఎక్కాం.