ట్రినిడాడ్ ఒకటి, టొబాగో ఒకటి

మొన్న ఎయిర్‌పోర్టు పార్కింగ్ దగ్గర చాయ్ తాగుతుంటే, క్యాబ్ డ్రైవరొకాయన తన ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "అన్నా, చూసినవా? ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు వెస్టిండీస్ ఎక్కింది" అన్నాడు. ఎక్కింది కురసావ్ అనే చిన్న దీవి. క్రికెట్‌లోనైతే చాలా దీవులు ఒక్క జట్టుగా ఆడతాయి, అందులో కూడా ఈ కురసావ్ లేదు, ఫుట్‌బాల్‌లో ఏ దీవి జట్టు దానిదే అని ఓపిగ్గా చెప్పాను. "ఏదైతేంది, అంతా ఆ దిక్కుదే కదా" అన్నాడు. తెలియనిదాన్ని ఇంత ధీమాగా మాట్లాడే మనిషిని నా జీవితంలో ఇంకొక్కడినే చూశాను. ఆయన మా అక్క మొగుడు.

మా బావది మంఖాల్. మా ఊరు పాల్మాకులకు ఇల్లరికం వచ్చాడు. కాటేదాన్‌లో ఒక రేకుల కార్ఖానాలో పని. ఆదివారం చర్చి అయ్యాక మా ఊరివాళ్లం ఆడే ఫుట్‌బాల్‌కు తానే కోచ్, తానే కెప్టెన్, తానే గోల్‌కీపర్. ఇల్లరికపు అల్లుడికి ఇంట్లో నోరు లేవదంటారు, ఆ కసంతా మైదానంలో మా మీద తీర్చుకునేవాడు. నేను రెండో గోల్‌కీపర్‌ని, అంటే నీళ్ల బిందె మోసేవాణ్ని. ముప్పై ఏళ్లొచ్చాయి, పెళ్లయింది, అయినా ఒక్కసారి, ఒక్క ఆట, ఆ రెండు కర్రల మధ్య నిలబడాలని నాలుగేళ్లుగా నా ప్రాణం కొట్టుకునేది. అడిగితే "నువ్వు ఇంక పచ్చిగున్నవ్ బామ్మర్దీ" అనేవాడు. నలభై ఏళ్ల ఆయన పొట్ట ఏ ఎండకు పండిందో నాకు తెలియదు.

అది 2006, రెండు దీవులు కలిసిన ఒకే దేశం ట్రినిడాడ్ అండ్ టొబాగో మొదటిసారి వరల్డ్ కప్‌కు వచ్చిన ఏడు. ఆ జట్టు చరిత్రా మా బావ లాంటిదే, కోతలెక్కువ. అంతకు చాలా ముందు, సొంతగడ్డ మీద అమెరికాతో డ్రా చేసుకుంటే చాలు, వరల్డ్ కప్‌కు పోతారు. ఆట మొదలు కాకముందే దేశం దేశమంతా ఎర్ర చొక్కాలు తొడుక్కుని పండగ చేసుకుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ఒక్క గోలుతో ఓడి, మళ్లీ పదహారేళ్లు ఇంట్లో కూర్చున్నారు. చివరికి పోనైతే పోయారు, మూడు ఆటలాడి ఒక్క గోలూ కొట్టకుండా తిరిగొచ్చారు. మొదటి ఆటలో స్వీడన్‌తో సున్నా–సున్నా చేసినందుకే కప్పు గెలిచినంత గంతులు. ఆ వార్త వచ్చిన పేపర్ పట్టుకుని మా బావ అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పాడు: "ట్రినిడాడ్ ఒకటి, టొబాగో ఒకటి. రెండు టీంలు కల్సి ఒక్కదాని మీద పడ్డా గోలు కొట్టలే. థూ!" అక్క నవ్వాపుకోలేక లోపలికి పోయింది. అదే పేపర్లో ఇంకోటి రాశారు. ఆటకు ముందు వాళ్ల మొదటి గోల్‌కీపర్‌కు కాలు పట్టేస్తే, ముప్పై ఏడేళ్ల రెండో గోల్‌కీపర్ దిగి ఒక్క బంతినీ లోపలికి పోనివ్వలేదట. అది నేను బావకు వినపడేలా చదివాను, రెండుసార్లు. ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టాడు.

అంతటితో ఆగితే మా బావ ఎందుకవుతాడు? తర్వాతి ఆదివారం ఆయన కార్ఖానా జట్టు మా ఊరికి ఆడటానికి వచ్చింది. దాని కెప్టెన్ ఆయన సూపర్‌వైజరే. రెండు టీంలు కలవొచ్చని పేపర్లోనే ఉంది కదా అని బావ మంఖాల్ జట్టునంతా ట్రాలీ ఆటోలో దింపాడు. ఇరవై ఇద్దరం ఒకే పక్క నిలబడ్డాం. సూపర్‌వైజరు నడుం మీద చేతులు పెట్టుకుని "గిది ఆటనా, పెండ్లి బారాతా?" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చాను. అందులోంచి పదకొండు మందిని ఏరేసరికి రెండూళ్ల మధ్య కొట్లాట ఒక్కటే తక్కువ. ఇంతా చేసి, ఇక మొదలవుతుందనగా బావ మోకాలు పట్టుకుని కుంటసాగాడు. "ఇగ నాతోని కాదు, నువ్వు పో బామ్మర్దీ" అన్నాడు. సూపర్‌వైజరు ముందు నిలబడే దమ్ము లేక ఆ వేషమనుకున్నాను. పిరికి మనిషి అని తిట్టుకుంటూనే వెళ్లి నిలబడ్డాను. వచ్చిన బంతినల్లా ఆపాను. సున్నా–సున్నా. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా కలగలేదు. కొన్నాళ్లకే ఆ మైదానం ప్లాట్లయింది, జట్టు చెదిరింది. నేను ఆడింది ఆ ఒక్క ఆటే.

పోయినేడు ఏదో మాట మీద అక్క అంది: "ఆయన కాలుకు ఏం కాలేదురా. గా ఆటనాడు పొద్దుగాల ఇంట్ల కుంటుడు నేర్చుకున్నడు. ఏ కాలు కుంటాల్నో నన్నే అడిగిండు." ముందు నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్లు బిందె మోయించి ఒక్క పూట దానం చేశాడా? వెళ్లి అడిగితే, టీవీ మీంచి చూపు తిప్పకుండా "మీ అక్కకు మతిమరుపు" అన్నాడు. ఆయనకు ఈనాటికీ టొబాగో వేరే జట్టే, ఆ విషయంలో నా చిన్నచూపు వీసమెత్తు తగ్గలేదు. కాని ఆనాటి ఆయన వయసు దాటి నాకు పదేళ్లయింది, ఇన్నేళ్లలో నేను ఎవరి కోసమూ ఒక్క పూటైనా కుంటలేదు.